కోడలి పాదమూ, రెండున్నర అంగుళాల మేకూ

మా ఇల్లు సూరత్‌లో ఖటోదరాలో ఉంది. ఉధ్నా దర్వాజా దాటి దక్షిణంగా వస్తే కార్ఖానాలు, గోదాములు, వాటి మధ్య ఇరుక్కున్న ఇళ్లు కనిపిస్తాయి. ఆ ఇళ్లలో ఒకటి మాది. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి పవర్‌లూమ్ పని కోసం ఈ ఊరికి వచ్చిన పద్మశాలీల్లో మా నాన్న ఒకరు. కింద రెండు గదులకు స్లాబు ఉంది. మేడ మీద తరవాత వేసుకున్న గదికి సిమెంటు రేకులే. ఎండాకాలం ఆ గదిలో మనిషి ఉండలేడు. అందుకని 2011 వానాకాలంలో రేకుల కింద జిప్సం బోర్డు సీలింగు వేయించాను. 2012 జూన్‌లో మొదటి వానకే అందులో ఒక బోర్డు ఊడి అమ్మ మంచం మీద పడింది. అమ్మ అప్పుడే మంచినీళ్ల కోసం లేచి కిందికి వెళ్లింది కాబట్టి బతికింది.

ఆ ఏడు మేలోనే మా తమ్ముడి పెళ్లయింది. మా మరదలు ఇంట్లో అడుగుపెట్టి నెల కూడా కాలేదు. ఇక చెప్పాలా? సాయంత్రానికల్లా చుట్టాలు పోగయ్యారు. "పాదం మంచిది కాదు" అన్నమాట మొదట ఎవరు అన్నారో తెలీదు గానీ, రాత్రికి అది మా అమ్మ నోట కూడా వచ్చింది. ఒక పెద్దమ్మ శాంతి చేయించమంది. ఇంకొకాయన మెట్లు ఈశాన్యంలో ఉండటమే తప్పన్నాడు. అమ్మను మంచం మీద నుంచి లేపింది దేవుడట, బోర్డును పడగొట్టింది కోడలట! ఒకే సంఘటనలో మంచి భాగం ఒకరి ఖాతాలో, చెడ్డ భాగం ఇంకొకరి ఖాతాలో ఎంత సులువుగా రాసేశారో చూడండి.

నేను హేతువాద సంఘంలో సభ్యుణ్ని. మామూలుగానే గొంతు పెంచి, పాదానికీ పైకప్పుకీ సంబంధం ఏమిటని అడిగాను. మా మరదలు మాత్రం వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "మరి ఎందుకు పడింది బావా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పాదం కాదు అని చెప్పడం తేలిక. మరి ఏమిటో చెప్పకపోతే ఆ ఖాళీలోకి మళ్లీ పాదమే వచ్చి కూర్చుంటుంది. ఆ జవాబు కోసం వెతుకుతూ చదివిన చరిత్రే ఈ వ్యాసం.

ముందు బోర్డు సంగతి. జిప్సం అంటే నీటిని తనలో కట్టుకున్న కాల్షియం సల్ఫేటు. దాని బరువులో సుమారు ఐదోవంతు నీరే. కాలిస్తే ఆ నీటిలో ముప్పాతిక వంతు పోయి తెల్లటి పొడి మిగులుతుంది. అదే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. పారిస్‌లో మోంమార్త్ర్ గుట్ట దగ్గర జిప్సం గనులు ఉండేవి, పేరు అక్కడి నుంచి వచ్చింది. పొడిలో మళ్లీ నీళ్లు కలిపితే రాయిలా గట్టిపడుతుంది. వేల ఏళ్లుగా మనుషులకు ఈ పని తెలుసు. ఈజిప్టు పిరమిడ్ల కట్టుబడిలో జిప్సం వాడారు. మొహెంజొదారో పెద్ద స్నానవాటికలో ఇటుకల మధ్య జిప్సం ఉంది, నీరు దిగకుండా తారు పొర కూడా ఉంది. (ఇది చదవగానే "చూశారా, అన్నీ మన వేదాల్లోనే" అని ఎగిరే మిత్రులకు ఒక మనవి: ఆ ఇటుకలు పేర్చినవాళ్లు వేదం గురించి ఒక్క ముక్క రాసి పెట్టలేదు. వాళ్లు రాసినదాన్ని మనం ఇంకా చదవలేకపోతున్నాం.)

పని తెలియడం వేరు, అది ఎందుకు అవుతుందో తెలియడం వేరు. ప్లాస్టరు ఎందుకు గడ్డకడుతుందో త్రాసు పెట్టి తేల్చినవాడు లావోయిజే. 1765లో, ఇరవయ్యొక్క ఏళ్ల వయసులో, ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ముందు ఆయన చదివిన మొదటి పత్రం జిప్సం మీదే. కాల్చినప్పుడు పోయేది నీరే అనీ, ప్లాస్టరు గట్టిపడేటప్పుడు తిరిగి తీసుకునేది కూడా ఆ నీటినే అనీ తూచి చూపించాడు. ఆక్సిజన్ సిద్ధాంతంతో రసాయన శాస్త్రాన్ని తిరగరాసిన మనిషి తన పని మొదలుపెట్టింది మన సీలింగు సున్నంతో అంటే నాకు భలే ముచ్చటేసింది.

ఇప్పుడు మనం కొనే బోర్డు వయసు మాత్రం నూటముప్పై ఏళ్లే. అమెరికాలో ఆగస్టిన్ సాకెట్ అనే ఆయన కాగితం పొరల మధ్య ప్లాస్టరు పెట్టి చేసిన పలకకు 1894లో పేటెంటు తీసుకున్నాడు. అది మొదట గోడ కాదు, గోడకు ఆధారం మాత్రమే. దాని మీద మళ్లీ తడి ప్లాస్టరు పూసేవారు. 1909లో యునైటెడ్ స్టేట్స్ జిప్సం కంపెనీ సాకెట్ కంపెనీని కొనేసింది. మరికొన్నేళ్లకు, పైన ప్లాస్టరు అక్కర్లేని బోర్డుకు షీట్‌రాక్ అని పేరు పెట్టి అమ్మకానికి దింపింది. తడి పని లేదు కాబట్టి డ్రైవాల్. అయినా చాలాకాలం జనం దాన్ని చవకబారు సరుకుగానే చూశారు. రెండో ప్రపంచ యుద్ధంలో పనివాళ్లకూ సమయానికీ కరువొచ్చాక, ఆ తరవాత సైనికులు ఇళ్లకు తిరిగొచ్చి లక్షల ఇళ్లు కట్టాల్సి వచ్చాక, అది అమెరికా అంతా పాకింది.

అక్కడే అసలు గొడవ మొదలైంది. బోర్డులు చెక్క చట్రానికి మేకులతో కొట్టారు. పైన పుట్టీ పూసి రంగు వేశారు. ఏడాది తిరిగేసరికి గోడల నిండా మొటిమలు! మేకుల తలలు రంగును చీల్చుకుని బయటికి వచ్చాయి. పనివాడు సరిగా కొట్టలేదని యజమాని, మేకులు మంచివి కావని పనివాడు, బోర్డు నాసిరకమని ఇద్దరూ. మామూలు ఊహ ఏం చెబుతుంది? మేకు పొట్టిదైంది, ఇంకా పొడుగుది కొట్టాలి అంటుంది.

పరీక్షలు పెట్టి చూస్తే తేలింది దీనికి పూర్తిగా ఎదురు. మేకు ఎంత లోతుకు దిగితే తల అంత ఎక్కువ బయటికి వస్తుంది. ఎందుకంటే కదిలేది మేకు కాదు, కర్ర. పచ్చి కర్రలో నీరు ఉంటుంది. ఆరేకొద్దీ అది అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడుగున మాత్రం దాదాపు మారదు. మేకు మొన లోపల బిగిసి ఉంటుంది. దాని చుట్టూ ఉన్న కర్ర పలచబడి, కర్ర ముఖం వెనక్కి తగ్గుతుంది. తల ఉన్నచోటే ఉంటుంది. అంటే బోర్డుకూ కర్రకూ మధ్య సందు పడుతుంది. మేకు దిగిన లోతు ఎంత ఎక్కువైతే, కుంచించుకునే కర్ర మందం అంత ఎక్కువ, సందు కూడా అంతే ఎక్కువ. అందుకని వాళ్లు చేసింది మూడు పనులు. కర్రను ముందు ఆరబెట్టడం, మేకును సరిపడినంత మేరకు పొట్టిగా ఉంచడం, పొట్టిదైనా పట్టు తప్పకుండా కాడ చుట్టూ గాట్లు పెట్టడం. రెండేసి మేకులు పక్కపక్కన కొట్టే పద్ధతి కూడా అప్పుడు వచ్చిందే.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో ఇక చెప్పక తప్పదు.

2011 వానాకాలంలో మా సీలింగు కట్టిన మిస్త్రీ మా వాడకట్టు మనిషే, జగిత్యాల వైపు నుంచి వచ్చినవాడు. అడితి నుంచి తెచ్చిన రీపర్లు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి, అంత పచ్చివి. అతను ఒకటింబావు అంగుళం మేకులు తెచ్చుకుంటే నేను వాటిని పక్కన పెట్టించాను.

"ఇరవై కిలోల బోర్డు తలమీద వేలాడుతుంది, ఇంత చిన్న మేకులేంటి? రెండున్నర అంగుళాలవి కొట్టు" అన్నాను.

"పచ్చి కట్టెకు పొడుగు మేకు వద్దన్నా. ఎండినంక తలకాయ బయటికొస్తది" అన్నాడు.

"ఎందుకొస్తది? లెక్క చెప్పు" అన్నాను. అతను లెక్క చెప్పలేకపోయాడు. నేను బీఎస్సీ చదివాను. "నీ ఇష్టమన్నా" అని రెండున్నర అంగుళాల మేకులే కొట్టాడు.

శివరాత్రికి తలలు బయటికి వచ్చాయి. నేనే సుత్తి తీసుకుని ఒక్కొక్కటీ లోపలికి కొట్టి, పైన పుట్టీ రాశాను. ఏదో ఘనకార్యం చేసినట్టు మా అమ్మకు చూపించాను కూడా.

బోర్డు పడ్డాక మొదట నేను అనుకున్నది, మేకులు కర్రలో పట్టు వదిలేశాయని. పచ్చి కర్రలో కొట్టిన నున్నటి మేకు, కర్ర ఆరాక చాలా పట్టు కోల్పోతుంది. ఇది కూడా అమెరికా అడవుల శాఖ ప్రయోగశాలలు తేల్చిన విషయమే. సిద్ధాంతం బాగానే ఉంది. కానీ నిచ్చెన ఎక్కి చూస్తే మేకులన్నీ రీపర్లకే ఉన్నాయి. కిందపడ్డ బోర్డులో మాత్రం గుండ్రటి చిల్లులు. మేకు ఊడలేదు, మేకు తల బోర్డును చీల్చుకుని వచ్చింది. చేతిలో ఉన్న సాక్ష్యం ఒకటి చెబుతుంటే చదివిన సిద్ధాంతాన్ని పట్టుకుని వేలాడకూడదు కదా, మళ్లీ మొదటికి వచ్చాను.

జిప్సం బోర్డు బలమంతా దాని కాగితంలో ఉంది. లోపలి ప్లాస్టరు సుద్దముక్కలాంటిది, గోటితో గీకినా రాలుతుంది. మేకు తల గానీ స్క్రూ తల గానీ కాగితం మీద ఆని ఉన్నంతసేపే బోర్డును మోస్తుంది. కాగితం చిరిగిందా, ఆ మేకు లెక్కలోకి రాదు. నేను సుత్తితో లోపలికి కొట్టిన ప్రతి దెబ్బకూ ఒక కాగితం చిరిగింది. ఆ పైన జూన్‌లో రేకు జాయింటు కారింది. తడిసిన బోర్డు బరువెక్కుతుంది, మెత్తబడుతుంది. ఇక పడక ఏం చేస్తుంది?

ఇదే కథ ఇంకోచోట, ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. 2013 డిసెంబరు 19న లండన్‌లో అపోలో థియేటర్లో నాటకం నడుస్తుండగా సీలింగులో కొంత భాగం ప్రేక్షకుల మీద కూలింది. డెబ్బైమందికి పైగా గాయపడ్డారు. ఆ థియేటరు 1901 నాటిది. దాని సీలింగు గుడ్డ కలిపి పోసిన ప్లాస్టరుతో చేసింది. 1856లో దెశాషీ అనే ఆయన పేటెంటు తీసుకున్న పద్ధతి అది. మన దగ్గర పీవోపీ మిస్త్రీలు కొబ్బరిపీచు ముంచి షీట్లు వేలాడదీస్తారే, దానికి అన్న వరస. విచారణలో తేలింది ఏమిటంటే, సీలింగును పైచట్రానికి కట్టి ఉంచిన గోనెగుడ్డ కట్లు వందేళ్లలో పుచ్చిపోయాయి. ప్లాస్టరు తప్పు కాదు, దాన్ని పట్టుకున్నదాని తప్పు. వాళ్లు చట్రం దాకా ఎక్కి కట్లను పరీక్షించారు, మిగతా పాత థియేటర్ల సీలింగులను కూడా చూడాలన్నారు. ఆ రోజు కొత్తగా టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ల పాదం ఎలాంటిదని ఎవరూ అడిగినట్టు లేదు.

అమెరికావాళ్లు మేకుల బాధను చివరికి స్క్రూతో వదిలించుకున్నారు. 1960 తరవాతి దశాబ్దాల్లో కరెంటు స్క్రూ గన్లు చవకై, బోర్డు కోసమే చేసిన స్క్రూలు మేకుల చోటును ఆక్రమించాయి. మీరు బజారులో చూసే నల్ల స్క్రూ ఇదే. దాని తల కిందిభాగం బాకా మూతిలా వంపు తిరిగి ఉంటుంది, గమనించారా? మామూలు చెక్క స్క్రూ తల కింద సూటిగా వాలు ఉంటుంది, అది కాగితాన్ని కోస్తుంది. వంపు ఉన్న తల కాగితాన్ని చింపకుండా నెమ్మదిగా లోపలికి నొక్కుతుంది. ఇంత చిన్న వంపులో ఇంత సంగతి ఉంది. ఇనుప సెక్షన్లకు దగ్గర మరలవి, చెక్కకు ఎడంగా ఉన్న మరలవి, రెండు రకాలు దొరుకుతాయి. కొట్టువాడు రెండూ ఒకటే అంటాడు, నమ్మకండి.

ఇక్కడ ఇంకో తప్పు ఒప్పుకోవాలి. స్క్రూ తలమీద ప్లస్ గుర్తు గాడి ఉంటుంది కదా, దాన్ని ఫిలిప్స్ తల అంటారు, 1930లలో వచ్చింది. అతిగా బిగించకుండా స్క్రూడ్రైవరు జారిపోయేలా కావాలనే అలా చేశారని నేను మా సంఘం మీటింగులో ఒకసారి గొప్పగా చెప్పాను. అందరూ తలలూపారు. తరవాత చూస్తే మొదటి పేటెంట్లలో ఆ మాటే లేదు. 1949 నాటి ఒక సవరణ పేటెంటులో మాత్రమే ఆ గుణం గురించి రాశారు. దేవుడు లేని పుక్కిటి పురాణాలు కూడా ఉంటాయి, వాటిని మనలాంటివాళ్లం ఇంకా తొందరగా నమ్ముతాం.

2012లో రెండోసారి సీలింగు వేసినప్పుడు కర్ర జోలికి పోలేదు. జింకు పూత ఉన్న ఇనుప సెక్షన్లు తెచ్చాం. ఇనుము ఆరేదీ లేదు, కుంచించుకునేదీ లేదు. గోడ చుట్టూ ఒక చానల్ బిగించాలి. దానికి గోడలో ప్లగ్గులు కావాలి, ఇక్కడి కొట్లలో వాటిని గిట్టీ అంటారు. దీని వెనక కూడా మనకు చుట్టరికం ఉన్న కథ ఉంది. అంతకుముందు గోడకు పెద్ద కన్నం చేసి, చెక్క ముక్క దిగ్గొట్టి, దానికి స్క్రూ బిగించేవారు. 1911 ప్రాంతంలో లండన్‌లో జాన్ రాలింగ్స్‌కు బ్రిటిష్ మ్యూజియం గోడలు పాడుకాకుండా కరెంటు సామాను బిగించాల్సిన పని పడింది. జనపనార పోగులను జంతువుల రక్తంతో అతికించి సన్నటి గొట్టంలా చేసి, చిన్న కన్నంలో పెట్టి స్క్రూ తిప్పితే అది ఉబ్బి గోడను పట్టుకుంది. మన బెంగాల్ పండించే జనపనార! రాల్‌ప్లగ్ అన్న పేరు ఆయనదే. 1958లో జర్మనీలో ఆర్టూర్ ఫిషర్ దాన్ని నైలాన్‌తో చేశాడు. ఇప్పుడు మనం పది చొప్పున కాగితంలో పొట్లం కట్టించుకునేది దాని సంతానమే.

లెక్క చెప్పమని మిస్త్రీని అడిగాను కదా, ఈసారి నేనే చేశాను. బోర్డు నాలుగడుగులు బై ఆరడుగులు, పన్నెండున్నర మిల్లీమీటర్ల మందం, బరువు ఇరవై కిలోల లోపు. సెక్షన్ల మధ్య ఎడం 457 మిల్లీమీటర్లు, స్క్రూకూ స్క్రూకూ మధ్య 230. బోర్డుకు ముప్పై స్క్రూల దాకా పడతాయి. ఒక్కొక్క స్క్రూ మోసేది ముప్పావు కిలో కూడా కాదు. స్క్రూ పొడుగు 25 మిల్లీమీటర్లు చాలు. సగం బోర్డులో పోతే మిగతా సగం ఇనుములోంచి అవతలికి వస్తుంది, అంతకంటే పొడుగుదానితో పనిలేదు. బలం పొడుగులో లేదు, సంఖ్యలోనూ చిరగని కాగితంలోనూ ఉంది. మొదటిసారి నేను బోర్డుకు పన్నెండు మేకులతో సరిపెట్టాను, పొడుగువి కదా అని.

బోర్డు రకం గురించి ఒక్కమాట. ఆకుపచ్చ కాగితం ఉన్న బోర్డు చూపించి కొట్టువాడు "పానీప్రూఫ్" అన్నాడు. కాదు. అది గాలిలో తేమను తట్టుకుంటుంది, నీళ్లలో నానితే ఇదీ మెత్తబడేదే. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాం నీళ్లు వదిలాక తాపీ పొంగి సూరత్‌లో చాలాభాగం రోజుల తరబడి మునిగింది. గోడలకు ఈ బోర్డు వేయించుకునేవాళ్లు ఆ ఏడు గుర్తుపెట్టుకుని నేల నుంచి అర అంగుళమైనా ఎడం వదలాలి, లేకపోతే ఒత్తిలా నీటిని పైకి పీలుస్తుంది. "ఫైర్‌ప్రూఫ్" అన్నమాట కూడా అంతే. మంట తగిలితే లోపలి ఐదోవంతు నీరు ఆవిరయ్యేదాకా వేడిని ఆపుతుంది. పారిపోవడానికి కొంత సమయం ఇస్తుంది, అంతవరకే. ఆ సమయం చిన్నదేమీ కాదు. 2019 మే 24న ఇదే ఊళ్లో సర్థాణాలో, తక్షశిల ఆర్కేడ్ మంటల్లో 22 మంది విద్యార్థులు పోయారు. అప్పటి నుంచి నేను థర్మకోల్ సీలింగు ఉన్న గదిలో కూర్చుంటే ముందు తలుపు ఎక్కడుందో చూసుకుంటాను.

అసలు విషయం మిగిలింది. కాగితం, మేకు, చిల్లుపడ్డ బోర్డు ముక్క పట్టుకుని మా మరదలికి మొత్తం వివరించాను. ఆమె ఓపిగ్గా విని, "ఈ ముచ్చట అత్తమ్మకు మీరే చెప్పాలె బావా, నేను చెప్తే ఎవరు వింటరు?" అంది. నిజమే. ఆదివారం పెద్దమ్మ, మిస్త్రీ అందరూ ఉండగా చెప్పాను. మేకు వద్దని మిస్త్రీ చెప్పాడనీ, నేనే వినలేదనీ, కాగితం చింపిన సుత్తి నాదేననీ. పెద్దమ్మ కాసేపు ఆలోచించి, "నీకు ఆ బుద్ధి పుట్టడానికి కూడా ఏదో కారణం ఉండాలిగా" అంది. పెళ్లి 2012 మేలో పెద్దమ్మా, మేకులు కొట్టింది 2011లో, అప్పటికి ఆ పిల్ల ఎవరో కూడా మనకు తెలియదు అన్నాను. ఆమె కాఫీ తాగుతూ ఉండిపోయింది. అమ్మ మాత్రం నా చేతిలోంచి మేకు తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత పొడుగుదెందుకు తెచ్చినవ్‌రా?" అంది.

శాంతి చేయించలేదు. మిస్త్రీ కొత్త సీలింగు కట్టిన రోజు గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టి వెళ్లాడు, నేను ఈసారి లెక్క అడగలేదు. మూడో వానాకాలానికి వంటగది వైపు రెండు స్క్రూల మీద తుప్పు మచ్చలు కనిపించాయి. ఆ నల్లపూత పలచటిది, సముద్రం దగ్గరి ఊళ్లలో తడి తగిలే చోట జింకు పూత స్క్రూలే వాడాలి. ఆ రెండూ తీసి, వాటి పక్కన అంగుళం జరిపి కొత్తవి బిగించాను.